ఇంట్లో ఎవరూ పని చేయరా?

2025లో ప్రభుత్వం చేయించిన ఇంటింటి సర్వే మా బేతంచెర్లకూ వచ్చింది. ఇంటి నుండే పని చేయగలవారు ఎందరున్నారు, వారి చదువేమిటి, వారికి ఏ భాషలు వచ్చు అన్న వివరాలను సచివాలయాల సిబ్బంది నమోదు చేసుకున్నారు. ఒక వితంతువు పింఛను కాగితాల పని మీద మేము ఆ రోజు ముస్లింల ఇళ్ళు ఎక్కువగా ఉన్న ఒక వీధిలో ఉన్నాం. పక్కింటి గడప దగ్గర సచివాలయ ఉద్యోగిని నిలబడి, "అన్నా, ఇంట్లో ఉండి పని చేయాలనుకునే ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఆ ఇంటి యజమాని నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకోబోతున్నాడేమో, "మా ఇంట్లో ఆడోళ్ళు ఎవరూ పని చెయ్యరమ్మా" అని తలుపు దగ్గరికి వేశాడు. ఆ అమ్మాయి చేతిలోని ఫోనులో ఏదో నొక్కి ముందుకు సాగిపోయింది.

ఆయన అబద్ధమాడలేదు. తాను నమ్మిన మాటే చెప్పాడు. అయితే ఆ సమయానికి ఆయన వెనుక వసారాలో ఆయన తల్లి గోనెపట్టా మీద కూర్చుని, వ్యాపారి పంపిన చింతపండులో గింజ తీస్తున్నది. భార్య ఎవరిదో పట్టుచీరకు కుచ్చులు అల్లుతున్నది. బీకాం పూర్తి చేసిన కుమార్తె సాయంత్రం ట్యూషనుకు వచ్చే పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నది. ముగ్గురు శ్రామికులున్న ఇల్లు ఒక్క శ్రామికురాలూ లేని ఇల్లుగా లెక్కకెక్కింది. ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాల మధ్యనే జుట్టు నెరిసినవాళ్ళం కనుక చెబుతున్నాం: రిజిస్టరులో లేనిది ప్రభుత్వానికి లేనట్టే. దానికి పథకం ఉండదు, బడ్జెట్ పద్దు ఉండదు, ఫిర్యాదు చేసుకునే కిటికీ కూడా ఉండదు.

ఇంటి నుండి పని, వీలున్న వేళల్లో పని అన్న మాటలు ఇప్పుడు రాష్ట్రమంతటా వినిపిస్తున్నాయి. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరి 11న, విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం నాడు, రాష్ట్రంలో, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుండి పని విధానాన్ని పెద్దయెత్తున తీసుకురావాలని యోచిస్తున్నట్లు ప్రకటించారు. నగరాలతో ఆగకుండా పట్టణాల్లో, మండలాల్లో సైతం పని కేంద్రాలు ఏర్పడేలా ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. ఈ విధానాన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాం. అయితే దీనిని మన ఆడపిల్లలకు తొలిసారిగా దక్కుతున్న వరంగా చూపించడం మాత్రం సరికాదు. ఇంటి నుండి పని మనకు తాతల నాటిది. ఆ పనికి న్యాయమైన కూలి, పనిమనిషన్న గుర్తింపు, ముసలితనంలో ఆసరా రావలసి ఉంది. వచ్చే కొత్త పని కూడా ఈ మూడూ లేకుండానే వస్తే మన వీధుల్లో చింతపండు బుట్ట స్థానంలో కంప్యూటరు కూర్చుంటుంది, అంతే.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికను మన కార్యకర్తలు రిజర్వేషన్ల సందర్భంలోనూ బ్యాంకు రుణాల సందర్భంలోనూ తరచు ఉటంకిస్తారు. అందులోనే ఉన్న మరో లెక్క మీద మన దృష్టి అంతగా పడలేదు. పని చేస్తున్న ముస్లిం మహిళల్లో 70 శాతం మంది సొంత ఇళ్ళలోనే ఆ పని చేస్తున్నారనీ, అన్ని మతాల మహిళా శ్రామికులనూ కలిపి చూస్తే ఆ వాటా 51 శాతమేననీ కమిటీ తేల్చింది. దేశంలో ఇంటి నుండి పని చేసే సమాజం ఏదని ఎవరైనా అడిగితే బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకంటే ముందు మన తల్లులను చూపించవలసి ఉంటుంది. బీడీలు, అగరుబత్తీలు, అప్పడాలు, చీరలకు ఫాల్స్, జాకెట్లకు మగ్గం వర్క్, బురఖాల కుట్టుపని, దూదేకుల ఇళ్ళలో పరుపులు, దిండ్లు... ఈ పనులన్నీ గడప లోపలే జరుగుతాయి. సరుకు ఎవరో తెచ్చి ఇస్తారు, ఎవరో పట్టుకుపోతారు. రేటు వారే చెబుతారు. నాసిరకంగా ఉందని కొంత పక్కన పెట్టేదీ వారే. కరెంటు, దీపం, సూది, కూర్చునే చోటు, నడుము నొప్పి మాత్రం మనవి.

ఇంట్లో కూర్చుని చేసే పనిని పనిగా ఒప్పించడానికి ఈ దేశంలో పెద్ద పోరాటమే జరిగింది. దాని చరిత్ర మన యువతకు తెలియాలి.

బీడీ పనివారి కోసం పార్లమెంటు 1966లో ప్రత్యేక చట్టం చేసింది. ఆకు, పొగాకు ఇంటికి తీసుకువెళ్ళి చుట్టేవారిని కూడా ఆ చట్టం ఉద్యోగులుగానే పరిగణించింది. ఇంట్లో చుట్టేవారు తమ ఉద్యోగులెలా అవుతారని యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. తరువాత భవిష్యనిధి వివాదం వచ్చింది. పీఎఫ్ చట్టం వీరికి వర్తించదని వాదన. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ తీర్పులోని తర్కం చాలా సూటిగా ఉంటుంది. బీడీ బాగా లేదని తిప్పికొట్టే హక్కు యజమానికి ఉన్నప్పుడు ఆ పని మీద అతని అదుపు ఉన్నట్టే. అదుపు ఉన్నచోట బాధ్యతా ఉంటుంది. పనిమనిషి ఎదురుగా కూర్చుందా, నాలుగు వీధుల అవతల తన ఇంట్లో కూర్చుందా అన్నది ముఖ్యం కాదు.

దీనికి ముందే మన తెలుగు నేల నుండి వెళ్ళిన మరో కేసు ఉంది. హైదరాబాదులోని సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. అక్కడి దర్జీలకు జీతం లేదు, కుట్టిన దానికి కూలి. ఇంత సమయానికి రావాలన్న నియమం లేదు. వీలైనప్పుడు వచ్చి పని ఉన్నంతసేపు కుట్టి వెళ్ళేవారు. కొందరు బట్ట ఇంటికి తీసుకువెళ్ళేవారు. వీరు మా ఉద్యోగులు కారని యాజమాన్యం అన్నది. 1973లో సుప్రీంకోర్టు వారు ఉద్యోగులేనని తీర్పు చెప్పింది. రోజంతా దుకాణంలోనే ఉండాలన్న కట్టుబాటు లేనంత మాత్రాన ఉద్యోగ సంబంధం పోదని స్పష్టం చేసింది. వెసులుబాటు వేళల ఉద్యోగం గురించి నేడు సంస్థలు పెద్ద పెద్ద సభలు పెట్టి చర్చిస్తున్నాయి. వీలున్న వేళ వచ్చి పని చేసేవాడికీ హక్కులుంటాయన్న సంగతి హైదరాబాదు దర్జీలు యాభై ఏళ్ళ కిందటే తేల్చుకున్నారు.

ఈ గుర్తింపు వల్ల ఒరిగిందేమిటని అడిగేవారికి తెలంగాణ జిల్లాల అనుభవం జవాబు చెబుతుంది. 2015లో అక్కడి ప్రభుత్వం బీడీ పనివారికి నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. దానికి ప్రాతిపదికగా తీసుకున్నది పీఎఫ్ సభ్యత్వం. ఒకే వసారాలో పక్కపక్కన కూర్చుని ఒకే ఆకు చుట్టిన ఇద్దరిలో పీఎఫ్ నంబరు ఉన్నామెకు డబ్బు వచ్చింది, నంబరు లేనామెకు రాలేదు. కాగితం మీద పేరుండడం అంటే అదీ.

ఇప్పుడు కొత్త పని సంగతి చూద్దాం. కంప్యూటరు పని ఇంటికి రావడానికి మొన్నమొన్నటిదాకా చట్టాలే అడ్డుగా ఉండేవి. కాల్‌సెంటర్ల వంటి సంస్థలు ఇంటి నుండి పని ఇవ్వాలంటే టెలికాం శాఖ నిబంధనలు, బ్యాంకు గ్యారంటీలు దాటవలసి వచ్చేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసులు మూతపడ్డా పని ఆగలేదు. ఆ ఏడాది నవంబరులో టెలికాం శాఖ ఆ ఆంక్షలను తొలగించింది. 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ళలోని సంస్థలకు సగం మంది సిబ్బంది వరకు ఇంటి నుండి పని ఇచ్చే నిబంధన చేరింది. ఇంటి నుండి అసాధ్యమని దశాబ్దాలుగా చెప్పిన పని, ప్రాణం మీదికి వచ్చేసరికి నెల తిరక్కుండానే సాధ్యమైంది. మళ్ళీ రోజులు చక్కబడగానే అవే సంస్థలు ఒక్కొక్కటిగా ఉద్యోగులను ఆఫీసులకు రమ్మన్నాయి. ఇచ్చినప్పుడు ఇచ్చి, వద్దన్నప్పుడు తీసుకునే వెసులుబాటును హక్కు అనలేం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుండి ఉద్యోగి చేరిన మొదటి రోజే వెసులుబాటు పనివేళల కోసం దరఖాస్తు చేసుకునే చట్టబద్ధమైన అవకాశం ఉంది. మన దేశంలో 2017 ప్రసూతి చట్ట సవరణలో మాత్రం సెలవు ముగిశాక తల్లి ఇంటి నుండి పని చేయవచ్చన్న మాట ఉంది. అదీ యజమాని ఒప్పుకుంటేనే.

బేతంచెర్ల వంటి ఊరికి ఇది ఎందుకు అవసరమో చెప్పాలంటే ఇక్కడి బ్రతుకుతెరువు చెప్పాలి. ఎర్రమల కొండల పక్కన నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, చుట్టుపక్కల సిమెంటు పరిశ్రమ. మగవారికి పని ఉంది కానీ దుమ్ముతో కూడిన పని. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి నలభై ఏళ్ళకే మెట్లెక్కలేని వారిని మేము ఎరుగుదుం. డిగ్రీ చదివిన కుర్రవాడు ఊళ్ళో ఉంటే ఆ ఫ్యాక్టరీలో లెక్కలు రాయాలి, లేదా బెంగళూరో హైదరాబాదో రైలెక్కాలి. డిగ్రీ చదివిన ఆడపిల్లకు ఆ రెండు దారులూ లేవు. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాలను స్థాపించిన నాటి నుండి, ఆయన పేరిట 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చేవరకు, ఈ ప్రాంతంలో మన పిల్లల చదువు కోసం పెద్దలు చేసిన కృషి చిన్నది కాదు. ఆ చదువు పెళ్ళి పత్రిక మీద పేరు పక్కన అచ్చయ్యే రెండక్షరాలుగా ముగిసిపోతున్నది. దేశంలోని ప్రధాన మత సమూహాల్లో ఉద్యోగ, ఉపాధి రంగాల్లో అతి తక్కువగా కనిపించేది ముస్లిం మహిళలేనని కేంద్రం జరిపే శ్రామిక సర్వేలు చెబుతూ ఉన్నాయి. చదువు లేక కాదు, చదువుకు తగిన పని నడిచి వెళ్ళగల దూరంలో లేక.

పని ఇంటికి, లేదా ఊరికి వస్తే ఈ దూరం తగ్గుతుంది. నగరంలో హాస్టలు ఖర్చు ఉండదు. పేరు వినగానే గది ఖాళీ లేదనే ఇంటి యజమానుల చుట్టూ తిరగనక్కరలేదు. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లి, మంచాన ఉన్న మామను చూసుకునే కోడలు, పోలియో వల్ల మెట్లెక్కలేని యువకుడు, దుమ్ము పనికి ఇక పనికిరానని డాక్టరు చెప్పిన కార్మికుడు, వీరందరికీ రోజుకు నాలుగు గంటలో ఆరు గంటలో సంపాదన సాధ్యమవుతుంది. సంపాదన చేతిలో ఉన్న ఆడపిల్ల మాటకు ఇంట్లో విలువ ఎలా మారుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వేళల్లో వెసులుబాటు వల్ల పని చెడుతుందన్న అనుమానం చాలామంది అధికారుల్లో ఉంది. మా అనుభవం అందుకు విరుద్ధం. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందుగా వెళ్ళేందుకు ప్రభుత్వం ఉత్తర్వులు ఇస్తుంటుంది. ఆ నెలంతా మేము సహరీ తరువాత పడుకోకుండా ముందే ఆఫీసుకు చేరి, గది తాళం తీసే మనిషికంటే ముందు వరండాలో నిలబడేవాళ్ళం. జనం రాకముందే ఆ రోజు ఫైళ్ళు సగం తేలిపోయేవి. సాయంత్రం మా కౌంటరును పక్క సీటు మిత్రుడు చూసుకునేవాడు. శివరాత్రికి, ఉగాదికి ఆయన కౌంటరు మేము చూసేవాళ్ళం. ఏ ఏడాదీ రంజాన్ వల్ల ఫైళ్ళు పేరుకుపోలేదు. 2016లో రాజధాని ఉద్యోగులు హైదరాబాదు నుండి వెలగపూడికి తరలినప్పుడు వారికి వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. ప్రభుత్వానికి తన ఉద్యోగుల అవసరం కనబడినప్పుడు వేళలు మార్చడం చేతనైన పనే.

విదేశాల్లోనూ దీనిని పరీక్షించి చూశారు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థ తన కాల్‌సెంటర్ సిబ్బందిలో కొందరిని తొమ్మిది నెలలపాటు ఇంటి నుండి, కొందరిని ఆఫీసు నుండి పని చేయించింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు దానిని అధ్యయనం చేశారు. ఇంటివారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. అయితే మన పాఠకులు ముఖ్యంగా గమనించవలసినది దాని మిగతా భాగం. అంత బాగా పని చేసినా, పనితీరుతో పోల్చి చూస్తే ఇంటివారికి పదోన్నతులు తగ్గాయి. ప్రయోగం ముగిసి ఎవరికి నచ్చింది వారు ఎంచుకోవచ్చని చెప్పగానే సగానికి పైగా ఉద్యోగులు తమ మునుపటి నిర్ణయాన్ని మార్చుకున్నారు. అదే ఆచార్యుడు తరువాత అదే సంస్థలో, వారానికి రెండు రోజులు ఇల్లు, మిగతా రోజులు ఆఫీసు అన్న పద్ధతిని 1,612 మంది మీద పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించాడు. మానేసేవారు మూడో వంతు తగ్గారు, పదోన్నతులకు నష్టమూ రాలేదు. మనిషికి ఇల్లు మేలే, కానీ ఇంటితోపాటు నలుగురి మధ్యకు వెళ్ళే రోజులు కూడా ఉండాలని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి మనమే మాట్లాడుకోవాలి. ఇంటి నుండి పని అనగానే కొందరు తండ్రుల ముఖాలు వికసించడం మేము చూశాం. "మంచిదే కదా, ఇక బయటికి పంపే అవసరమే లేదు" అన్నాడొక మిత్రుడు. ఆ మాట మమ్మల్ని కలవరపెట్టింది. పని ఇంటికి రావడం వేరు, పిల్లను ఇంట్లోనే ఉంచడానికి పని ఒక సాకు కావడం వేరు. శిక్షణకు నంద్యాల వెళ్ళాలన్నా, నెలకోసారి ఆఫీసు సమావేశానికి కర్నూలు వెళ్ళాలన్నా వద్దనే ఇంట్లో ఆ ఉద్యోగం ఏడాది నిలవదు. పైగా పదకొండు గంటలకు ఫోనులో అధికారితో మాట్లాడుతున్న అమ్మాయిని "కాస్త టీ పెట్టు" అని పిలిచే ఇల్లు ఆఫీసు కాజాలదు. ఇంటి పనంతా ఆమె మీదే ఉంచి, దానిపైన జీతం పని మోపితే వెసులుబాటు ఎవరికి దక్కినట్టు?

హజ్రత్ ఖదీజా (రజి) జీవితాన్ని మన సభల్లో ఎన్నోసార్లు చెప్పుకుంటాం. ఆమె మక్కాలో ఉంటూ, సిరియా వెళ్ళే బిడారులతో ప్రతినిధులను పంపి వర్తకం నడిపించింది. ఆ ప్రతినిధుల్లో ఒకరి నిజాయితీని చూసే ఆమె నికాహ్‌కు కబురు పంపింది. ఆ ప్రతినిధి ఎవరో పాఠకులకు తెలుసు. ఆ వర్తకంలో పెట్టుబడి ఆమెది, నిర్ణయం ఆమెది, లాభం ఆమెది. ఇంట్లో ఉండి పని చేయడానికి ఆమెను ఉదాహరణగా చూపేవారు ఈ మూడింటిని కూడా కలిపి చెప్పాలి.

మరో హెచ్చరిక అత్యవసరం. ఇంటి నుండి పని అన్న ఆశ చుట్టూ మోసగాళ్ళు చేరారు. డేటా ఎంట్రీ పని ఇస్తామని, ముందుగా రిజిస్ట్రేషను రుసుము కట్టమని ఫోను చేస్తారు. పని చేశాక తప్పులున్నాయని చెప్పి, ఒప్పందం ఉల్లంఘించారంటూ లాయరు నోటీసు పేరిట బెదిరించి మళ్ళీ డబ్బు గుంజుతారు. పరువు పోతుందని భయపడి ఆడపిల్లలు ఇంట్లో చెప్పకుండా చెవికమ్మలు కుదువపెట్టి కట్టిన సందర్భాలు మా వరకు వచ్చాయి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడే కాని అడగడు. అడిగాడంటే అక్కడితో ఆపేయాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి. తండ్రులకు, అన్నలకు మా విన్నపం ఒక్కటే: మోసపోయి వచ్చిన పిల్లను తిట్టవద్దు. తిడితే రెండోసారి మీకు చెప్పదు.

ఏ పనికైనా కాగితం ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు ఒప్పందాలను రాసుకోవడం గురించినదే. అంతటి ప్రాధాన్యం ఉన్న విషయాన్ని మనం చింతపండు వ్యాపారి దగ్గరనుండి కంప్యూటరు కంపెనీ దాకా నోటిమాట మీదే నడిపిస్తున్నాం. రేటు ఎంత, ఎన్ని రోజులకు చెల్లింపు, నాసిరకమని ఎంతవరకు తీసివేయవచ్చు, కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిది అన్నవి ఒక్క పేజీలో రాయించుకున్నా చాలు.

ప్రభుత్వాన్ని కోరవలసినవి కొన్ని ఉన్నాయి. మండలాల్లో పని కేంద్రాలు పెడతామన్న మాటను నిలబెట్టుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే కుటుంబంలో ఇంటి నుండి పని అంటే మాటలు చెప్పినంత తేలిక కాదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే రేకుల కప్పు కింద ఎవరూ కూర్చోలేరు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్ అంటూ 2017లో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. ఆ తీగ పని చేయడం ముఖ్యం. దీనికి మన దగ్గరే ఒక మార్గం ఉంది. ఎన్నో పట్టణాల్లో ప్రభుత్వ నిధులతో కట్టిన షాదీఖానాలు నికాహ్‌ల రోజులు తప్ప మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటాయి. వాటిలో ఒక హాలును పగటివేళ మహిళల పని కేంద్రంగా మార్చడానికి పది బల్లలు, ఒక ఇన్వర్టరు, ఇంటర్నెట్, శుభ్రమైన మరుగుదొడ్డి, పిల్లలను చూసుకునే ఒక ఆయా చాలు. వీధి చివరి షాదీఖానాకు పంపడానికి ఏ తండ్రీ అభ్యంతరం చెప్పడని మా నమ్మకం. సర్వే చేసిన శాఖ, మైనారిటీ సంక్షేమ శాఖ, స్థానిక కమిటీ ఒక్కసారి కలిసి కూర్చుంటే సరిపోతుంది.

సర్వేలో ఏయే వర్గాల నుండి ఎందరు నమోదయ్యారో, వారిలో ఎందరికి పని దొరికిందో మండలాల వారీగా ప్రకటించాలి. ఇంటి నుండి పని ఇచ్చే సంస్థలు ప్రోత్సాహకాలు తీసుకునేటప్పుడు ఉద్యోగులకు పీఎఫ్ కట్టిన రుజువు చూపాలన్న షరతు పెట్టాలి. 2025 నవంబరు 21 నుండి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 1966 నాటి బీడీ చట్టం వాటిలో కలిసిపోయింది. సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి ఆధారిత శ్రామికుల నిర్వచనం ఉంది. అయితే వారిని అసంఘటిత శ్రామికుల కోవలో ఉంచారు. నిర్వచనం కాగితం మీద మిగిలిపోకుండా నియమాలు, నిధులు రావాలి. గృహ శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదని కూడా మన ఎంపీలకు గుర్తుచేయాలి. కంపెనీలు మన పేర్లు చూసి, బురఖాలు చూసి ఉద్యోగాలు నిరాకరిస్తే ఇంటి నుండి పని దానికి పరిష్కారం కాదని కూడా స్పష్టంగా అనాలి. తెర వెనుక ఉంటేనే ఉద్యోగం అన్న బేరానికి మనం ఒప్పుకోకూడదు.

సర్వే రోజు సాయంత్రం మేము ఆ పాలిష్ ఫ్యాక్టరీ మిత్రుని ఇంటికి వెళ్ళాం. టీ తాగుతూ మాట్లాడాం. మొదట కొంచెం నొచ్చుకున్నాడు. "ఆడవాళ్ళ సంపాదన మీద బతుకుతున్నామని రాసుకోమంటారా భాయ్?" అన్నాడు. మేము జవాబు చెప్పేలోపే ఆయన తల్లి లోపలి నుండి, నీ పదో తరగతి ఫీజు ఏ డబ్బుతో కట్టామని అడిగింది. మరునాడు కుమార్తె సచివాలయానికి వెళ్ళి తన పేరు నమోదు చేయించుకుని వచ్చింది. తరువాత అసంఘటిత శ్రామికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో తల్లీకూతుళ్ళ పేర్లు చేర్పించాం. ఆధార్, దానికి జోడించిన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే కొద్దిసేపటి పని.

నానమ్మ పేరు మాత్రం చేర్చలేకపోయాం. ఆ పోర్టల్ 16 నుండి 59 ఏళ్ళ వారికే. ఆమెకు అరవై మూడు. పెళ్ళై వచ్చిన నాటి నుండి చింతపండు గింజ తీస్తున్నది. ఇలాంటి వారి పేరు ఏ రిజిస్టరులో రాయాలో తెలపాలని కోరుతూ, మా వీధుల్లోని వృద్ధ మహిళల జాబితాతో నంద్యాల కలెక్టరు కార్యాలయంలో సోమవారం అర్జీ ఇవ్వబోతున్నాం. ఇతర పట్టణాల పాఠకులు తమ వీధుల జాబితాలు కూడా తయారు చేసి, తమ జిల్లా కలెక్టరుకు ఇచ్చి, నకలు మాకు పంపవలసిందిగా కోరుతున్నాం.